తెలుగింట కట్టెపొయ్యి స్థానం: సంప్రదాయజ్ఞానం – నూతన గృహప్రణాళికలో భద్రత

వ్యాససంగ్రహం:

గ్యాసు పొయ్యి ఇంటింటికీ చేరినా తెలుగు పల్లెల్లో కట్టెపొయ్యి కనుమరుగు కాలేదు. స్నానాల నీళ్లకు, పండుగ పిండివంటలకు, విందులకు అది నేటికీ రాజుకుంటూనే ఉంది. అయితే కొత్తగా కట్టుకొంటున్న ఇళ్ల ప్రణాళికల్లో దానికంటూ స్థానం లేకుండా పోయింది. ఫలితంగా అది మెట్ల కిందికో, వరండా మూలకో, గ్యాసు సిలిండరు పక్కకో చేరి ప్రమాదహేతువవుతోంది. పొయ్యి స్థానాన్ని గురించి తెలుగు పలుకుబడి, వాస్తుగ్రంథాలు, ప్రాంతీయ గృహరీతులు చెబుతున్న విషయాలను ఆధునిక అగ్నిభద్రతా సూత్రాలతో సమన్వయించి, కొత్త ఇంట కట్టెపొయ్యికి సురక్షితమైన చోటును నిర్ణయించే పద్ధతిని వివరించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

కీలకపదాలు: కట్టెపొయ్యి, వంటిల్లు, ఆగ్నేయం, పొగగొట్టం, వాస్తు, అగ్నిభద్రత, గృహనిర్మాణం.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారి గృహప్రవేశంలో ప్రధానమైన ఘట్టం పాలు పొంగించడం. గోడలు లేచినా, కప్పు పడినా, తలుపులు బిగించినా పొయ్యి వెలిగి పాలు పొంగిన తరువాతే ఆ కట్టడం ఇల్లవుతుంది. అన్నదమ్ములు విడిపోయారనడానికి ‘వేరు కుంపటి పెట్టుకొన్నారు’ అనడం తెలుగు నుడికారం. అంటే ఒక కుటుంబానికి గుర్తు ఒక పొయ్యి. ఇంతటి ప్రాధాన్యమున్న పొయ్యికి ఇంట్లో చోటు నిర్ణయించడం పూర్వం ఇంటి యజమాని, వడ్రంగి, ఇంటి ఇల్లాలు కలిసి ఆలోచించిన విషయం. నేటి ఇంటి నక్షాలో గ్యాసు పొయ్యి అరుగు మాత్రమే కనిపిస్తుంది. కట్టెపొయ్యి నక్షాలో ఉండదు. ఇంట్లో మాత్రం ఉంటుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 58.6 శాతం కుటుంబాలు వంటకు స్వచ్ఛ ఇంధనాన్ని వాడుతున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండింటిలోనూ ఇది 80 శాతానికి పైగా ఉంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకం, 2016లో కేంద్రం ప్రారంభించిన ఉజ్జ్వల యోజన ఈ మార్పుకు తోడ్పడ్డాయి. అయితే సర్వే లెక్కించేది ఇంట్లోని ప్రధాన ఇంధనాన్ని. గ్యాసుతో పాటు కట్టెలు కూడా వాడే ఇల్లు ఆ లెక్కలో స్వచ్ఛ ఇంధనపు ఇల్లుగానే నమోదవుతుంది. కట్టెపొయ్యి లెక్కలోంచి, నక్షాలోంచి తప్పుకొన్నంత మాత్రాన దాని నిప్పు, పొగ తప్పుకోవు. అందువల్ల దాని స్థానాన్ని గూర్చిన చర్చ నేడు మరింత అవసరమవుతోంది.

2. తెలుగు పలుకుబడిలో పొయ్యి:

ఒక జాతి అనుభవజ్ఞానం దాని పలుకుబడిలో నిక్షిప్తమై ఉంటుంది. పొయ్యికి సంబంధించిన తెలుగు పదజాలాన్ని పరిశీలిస్తే, పనిని బట్టి పొయ్యిని, పొయ్యిని బట్టి చోటును విభజించుకొన్న తీరు స్పష్టమవుతుంది.

2.1 పొయ్యి రకాలు, వాటి తావులు:

వంటింట్లో మట్టితో మెత్తి, రోజూ అలికి, ముగ్గుపెట్టే పొయ్యి ఒకటి. పిడకలతో సన్నని సెగమీద పాలు కాచే ‘దాలి’ మరొకటి. దీనికి సాధారణంగా పెరటిలో చోటు. స్నానానికి నీళ్లు కాచే పొయ్యి పెరటి గోడ దగ్గర, బావికి చేరువలో ఉంటుంది. పెళ్లిళ్లకు, సంతర్పణలకు నేలలో పొడవుగా తవ్వే ‘గాడిపొయ్యి’ ఇంటికి దూరంగా, బయలులో ఉంటుంది. చలికాచుకోవడానికి, చిన్నపాటి వంటకు ఒకచోటి నుంచి మరొకచోటికి మార్చుకోగలిగిన బొగ్గుల ‘కుంపటి’ వీటన్నిటికీ భిన్నమైనది. మంట పెద్దదయ్యేకొద్దీ పొయ్యి ఇంటి గర్భం నుంచి వెలుపలికి జరుగుతూ పోవడం ఈ వర్గీకరణలో గమనించదగిన అంశం. ఇది ఎవరూ సూత్రీకరించని, అందరూ పాటించిన భద్రతా నియమం.

2.2 నుడికారంలోని హెచ్చరికలు:

ఇంట్లో వంట జరగలేదనడానికి ‘పొయ్యిలో పిల్లి లేవలేదు’ అంటారు. వంట ముగిసిన చాలాసేపటి వరకు బూడిదలో వెచ్చదనం నిలిచి ఉంటుందని, పొయ్యి నేలమట్టంలో ఉంటుందని ఈ మాట చెప్పకనే చెబుతోంది. ‘నివురుగప్పిన నిప్పు’ అనే పలుకుబడి ఇంకొక అడుగు ముందుకు వేసి, పైకి ఆరినట్లు కనిపించే బూడిద కింద కణికలు రగులుతూనే ఉంటాయని హెచ్చరిస్తోంది. ‘కొరివితో తల గోక్కోవడం’, ‘ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం’ వంటివి తొందరపాటును, ముందుచూపు లేమిని నిప్పుతో ముడిపెట్టి చెప్పిన మాటలు. ఒకరిని ఉన్నచోట ఉండనీయకుండా చేయడాన్ని ‘పొగబెట్టడం’ అన్నారు. పొగ నిండిన గదిలో మనిషి నిలవలేడన్న అనుభవమే ఈ మాటకు మూలం. అయితే ఆ పొగలోనే రోజుకు రెండు పూటలా నిలిచి వంటచేసిన స్త్రీలను గురించి నుడికారం మౌనం వహించింది. ఈ మౌనం కూడా పరిశీలనార్హమే.

3. ఆగ్నేయ నియమం – ఒక పరిశీలన:

3.1 గ్రంథాధారం:

క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వాస్తువిద్యాధ్యాయంలో గృహంలోని గదుల స్థానాలను నిర్దేశించాడు. ఈశాన్యంలో దేవగృహం, ఆగ్నేయంలో వంటిల్లు, నైరృతిలో గృహోపకరణాలు, వాయవ్యంలో ధనధాన్యాలు ఉండాలన్నది ఆ నిర్దేశం. ఆగ్నేయదిక్కుకు అధిపతి అగ్ని కావడం ఇందుకు సంప్రదాయం చెప్పే హేతువు. తెలుగునాట నేటికీ ఇల్లు కట్టేవారు తప్పక పాటించే నియమాల్లో ఇది ఒకటి.

ఈ అమరికలో దిక్పాలక భావనతో పాటు మరొక విశేషం కనిపిస్తుంది. చతురస్రాకారపు ఇంట్లో ఆగ్నేయమూలకు అత్యంత దూరంగా ఉండేది వాయవ్యమూల. ఇంట్లో త్వరగా అంటుకొనే ధాన్యం, నష్టపోతే తిరిగిరాని ధనం సరిగ్గా నిప్పుకు కర్ణరేఖలో ఎదురుమూలన ఉన్నాయి. గ్రంథకర్త ఉద్దేశం ఇదేనని నిర్ధారించడానికి గ్రంథంలో ఆధారం లేదు. కానీ అమరిక ఫలితం మాత్రం ఇదే.

3.2 గాలి దిశ:

పొయ్యి ఏ మూలన ఉన్నా ఎనిమిది దిక్కుల గాలుల్లో ఐదు దాని పొగను, నిప్పురవ్వలను ఇంటి వెలుపలికి తీసుకుపోతాయి. మూడు మాత్రం ఇంటి మీదికి తెస్తాయి. ఆగ్నేయమూలన ఉన్న పొయ్యికి ప్రతికూలమైన గాలులు తూర్పు, ఆగ్నేయం, దక్షిణం నుంచి వీచేవి. తక్కిన పడమర, వాయవ్య, ఉత్తర, ఈశాన్య, నైరృతి గాలులు అనుకూలమైనవి. తెలుగునాట జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరృతి, పడమర గాలులు, ఆ తరువాత ఈశాన్యపు గాలులు ప్రధానం. వేసవిలో వడగాలులు ఎక్కువగా పడమర, వాయవ్యాల నుంచి వస్తాయి. వీటన్నిటికీ ఆగ్నేయస్థానం సరిపోతుంది. పొయ్యి వాయవ్యంలో ఉంటే పడమటి గాలి పొగను ఇల్లంతా పరుస్తుంది; నైరృతిలో ఉంటే నైరృతి ఋతుపవనమే ప్రతికూలం; ఈశాన్యంలో ఉంటే ఈశాన్య ఋతుపవనం ప్రతికూలం.

అయితే ఈ హేతువాదానికి ఒక మినహాయింపు ఉంది. గోదావరి జిల్లాల నుంచి శ్రీకాకుళం దాకా సముద్రతీరం నైరృతి – ఈశాన్య దిశగా సాగుతుంది. అందువల్ల అక్కడ వేసవి మధ్యాహ్నాల్లో సముద్రపుగాలి దాదాపు ఆగ్నేయం నుంచి వీస్తుంది. ఆ గాలికి ఆగ్నేయమూలలోని పొయ్యి నిప్పురవ్వ నేరుగా ఇంటి కర్ణరేఖ వెంబడి పోతుంది. తాటాకు కప్పు ఎండి పెళుసెక్కేదీ అప్పుడే. కనుక తీరప్రాంతంలో ఆగ్నేయ నియమాన్ని పాటించడంతోనే భద్రత చేకూరదు. తూర్పు, దక్షిణపు గోడలు పొయ్యికి అడ్డుగా నిలవాలి. పొగకు పైకి దారి ఉండాలి. దిక్కు ఒక ఆరంభమే తప్ప పరిష్కారం కాదని దీనివల్ల తెలుస్తోంది.

3.3 అర్థశాస్త్రం చెప్పిన దూరం:

వాస్తుగ్రంథాలు దిక్కును చెబితే కౌటిల్యుని అర్థశాస్త్రం దూరాన్ని, కాలాన్ని చెప్పింది. పొయ్యి, నీళ్ల తొట్టి, తిరుగలి, రోలు వంటివాటిని పొరుగువారి హద్దు నుంచి ఒక పదం లేదా ఒక అరత్ని దూరం విడిచి ఏర్పరచుకోవాలని తృతీయాధికరణంలోని వాస్తుక ప్రకరణం నిర్దేశిస్తుంది. అరత్ని అంటే సుమారు మూరెడు. ద్వితీయాధికరణంలోని నాగరిక ప్రకరణం వేసవిలో పగటి నడిమి భాగాల్లో నిప్పు రాజేయడాన్ని నిషేధించింది. వంట అవసరమైతే ఇంటి వెలుపల చేసుకొనే వీలు కల్పించింది. నీటికుండలు, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెం, తోలుతిత్తి వంటివి ప్రతి ఇంటా సిద్ధంగా ఉండాలని, లేనివారికి దండం విధించాలని పేర్కొన్నది. ఇల్లు కాలడం ఒక కుటుంబపు దురదృష్టంగా కాక ఊరి సమస్యగా చూసిన దృష్టి ఇది.

4. గృహరీతి – పొయ్యి తావు:

కప్పు స్వభావమే పొయ్యి తావును నిర్ణయించిందనడానికి తెలుగునాటి గృహరీతులు నిదర్శనాలు. తాటాకు, గడ్డి కప్పుల ఇళ్లలో వంటను ప్రధానగృహం నుంచి వేరుచేసి విడిగా వంటపాక వేసుకొనే పద్ధతి ఏర్పడింది. వంటపాక కాలినా నివాసం మిగులుతుందన్నది ఇందులోని ఆలోచన. మండువా లోగిళ్లలో వంటిల్లు వెనుకవైపు వసారాల్లో ఉండి, మండువా, పెరడు రెండూ గాలివెలుతురులకు దారులయ్యాయి. పెంకుటిళ్లలో పెంకుల సందుల నుంచి పొగ మెల్లగా వెలికిపోతుంది. రాయలసీమ మట్టిమిద్దెల్లో కప్పు అంటుకొనే భయం తక్కువే కాని పొగ పోయే సందు లేదు. అందుకే అక్కడ కప్పులో ‘గవాచి’ని విడిచారు, వెలుతురు దిగడానికి, పొగ పైకెక్కడానికి అదే మార్గం.

మన్యప్రాంతాల్లో చలి ఎక్కువ కావడంతో పొయ్యి ఇంటిలోపలే ఉండడం, దాని పైభాగాన అటకమీద విత్తనాలు, మొక్కజొన్న కండెలు ఆరబెట్టడం కనిపిస్తుంది. పొగ తగిలిన గింజకు పురుగు పట్టదు. పొగ పట్టిన కప్పుగడ్డి, వాసాలు ఎక్కువకాలం మన్నుతాయి. అంటే పొగను సంప్రదాయం కేవలం అనర్థంగా చూడలేదు. దానికి ఒక ఉపయోగాన్ని కల్పించింది. మెరుగైన పొయ్యిలను ప్రచారం చేసినవారు చాలాచోట్ల గమనించని విషయమిది. పొగను తీసివేసేవారు పొగ చేసే పనికి ప్రత్యామ్నాయం కూడా చూపవలసి ఉంటుంది.

5. పొగ – ఆరోగ్యం:

నిప్పు ప్రమాదం ఒక్కరోజులో కనిపిస్తుంది. పొగ ప్రమాదం ఏళ్ల తరబడి కనిపించకుండా సాగుతుంది. ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ప్రకారం ఇంటిలోపలి ఇంధనాల కాలుష్యం వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల అకాలమరణాలు సంభవించాయి. కట్టెలు, ఇతర జీవ ఇంధనాల నుంచి ఇళ్లలో వెలువడే పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనాసంస్థ 2010లో ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలో చేర్చింది.

ఈ విషయమై తెలుగునాట జరిగిన అధ్యయనం ఒకటి ప్రత్యేకంగా పేర్కొనదగినది. కల్పనా బాలకృష్ణన్ బృందం నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ జిల్లాల్లోని ఇళ్లలో పీల్చదగిన ధూళికణాలను కొలిచి 2004లో ఫలితాలను ప్రచురించింది. 24 గంటల సగటు గ్యాసు వాడే ఇళ్లలో ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములు కాగా, ఘన ఇంధనాలు వాడే ఇళ్లలో 732 మైక్రోగ్రాముల దాకా ఉన్నట్లు తేలింది. ఇంధనం ఏదన్న దానితో పాటు వంటిల్లు ఎటువంటిదన్న అంశం కూడా కాలుష్యాన్ని ప్రభావితం చేస్తున్నట్లు ఆ పరిశోధన గుర్తించింది. పొయ్యి ఎక్కడ ఉండాలన్న ప్రశ్న వాస్తుకు మాత్రమే కాక ఆరోగ్యానికి కూడా సంబంధించినదని దీనివల్ల రుజువవుతోంది.

5.1 పొగరాని పొయ్యి ప్రయత్నాలు:

ఈ సమస్యపై తొలినాళ్లలో ఆలోచించినవారిలో హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయానికి చెందిన ఎస్.పి. రాజు ఒకరు. ఆయన రూపొందించిన పొయ్యిలో మంట ఒకచోట పుట్టి, మట్టి అరుగులోని సొరంగం గుండా వరుస గిన్నెల కిందుగా సాగి, చివర పొగగొట్టం ద్వారా బయటికి పోతుంది. కోట్లాది ప్రజలకు పొగలేని వంటిళ్లు అందాలన్న ఆశయంతో ఆయన రచించిన పుస్తకం 1953లో వెలువడింది. తరువాత 1980ల ఆరంభంలో కేంద్రప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమాన్ని చేపట్టి 2002 వరకు కొనసాగించింది.

ఈ ప్రయత్నాలు పూర్తిగా నిలదొక్కుకోలేదు. ఒడిశాలో రెమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ నాలుగేళ్లపాటు జరిపిన పరిశీలనలో, మెరుగైన పొయ్యి వల్ల మొదటి ఏడాదిలో తగ్గిన పొగ ఆ తరువాత తగ్గుదల చూపలేదని తేలింది. వాడకం తగ్గడం, మరమ్మతులు చేయకపోవడం ఇందుకు కారణాలు. ఇల్లు కట్టిన తరువాత తెచ్చిపెట్టిన పొయ్యికి గొట్టం కోసం కప్పు పగలగొట్టాలి. ఆ సందునుంచి వాన కురుస్తుంది. గొట్టం మసితో మూసుకుపోతుంది. ఇంటి పునాది నాడే పొయ్యికి, గొట్టానికి చోటు నిర్ణయిస్తే ఈ చిక్కుల్లో చాలా భాగం తొలగుతుంది.

6. నూతన గృహంలో పొయ్యి స్థాననిర్ణయం:

పై పరిశీలన ఆధారంగా, కొత్త ఇంట కట్టెపొయ్యికి చోటు నిర్ణయించేటప్పుడు క్రమంగా వేసుకోవలసిన ప్రశ్నలు ఆరు.

6.1 లోపలా, వెలుపలా?

మొదట తేల్చుకోవలసింది పొయ్యి పని. నీళ్లు కాచడానికి, అప్పుడప్పుడు పిండివంటలకు మాత్రమే అయితే ఇంటికి తగలకుండా, పైకప్పు మాత్రమే ఉండి రెండు మూడు వైపులా తెరచి ఉన్న వంటసాలే అన్నివిధాలా మేలు. అది ఆగ్నేయదిశలో ఉండడానికి సంప్రదాయపరంగా కూడా అభ్యంతరం ఉండదు. రోజువారీ వంట కట్టెలమీదే అయితే పొయ్యి ఇంట్లోనే ఉండవచ్చు; కాని పడకగదితో గాలి కలవని, రెండు బయటి గోడలున్న మూలగది అందుకు కావాలి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ గృహానికి కనీస వైశాల్యంగా నిర్దేశించిన 25 చదరపు మీటర్లలోనే ఆరోగ్యకరమైన వంటస్థలం కూడా ఇమడాలి. అంత చిన్న ఇంట్లో కట్టెపొయ్యి ఇంటిలోపల ఉంటే అది పడకగదిలో ఉన్నట్లే.

6.2 అంటుకొనే వస్తువులకు ఎంత దూరం?

మంట నేరుగా తగిలితేనే కొయ్య అంటుకొంటుందనుకోవడం సరికాదు. ఏళ్ల తరబడి వేడి సోకిన కొయ్య క్రమంగా బొగ్గుబారి, మామూలు కొయ్య కంటే తక్కువ వేడికే అంటుకొంటుంది. పదేళ్లుగా ఏమీ కాలేదన్న ధీమా ఇక్కడ పనికిరాదు. పరీక్షించి ధ్రువీకరించని ఇనుప కట్టెపొయ్యికి, అంటుకొనే గోడకు మధ్య 36 అంగుళాల దూరం ఉండాలని అమెరికా అగ్నిభద్రతా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పిఎ 211 చెబుతోంది. మన మట్టిపొయ్యికి వెనుక ఇటుక గోడ ఉంటుంది కాబట్టి గోడ భయం తక్కువ. కప్పు, అటక, కిటికీ తెర, తలుపు రెక్కలతోనే భయం. అందువల్ల పొయ్యికి నేరుగా పైన కొయ్య అటక, ప్లాస్టిక్ సీలింగు, విద్యుత్తు తీగలు లేకుండా చూడాలి. పొయ్యి నోటి ముందు నేల బండరాయితోనో, సిమెంటుతోనో ఉండాలి. జారిపడిన కొరివి చాపమీదో, కట్టెల మోపుమీదో పడకూడదు.

6.3 పొగకు దారి ఏది?

వేడిగాలి తేలికై పైకి లేస్తుంది. గొట్టం ఎత్తు పెరిగేకొద్దీ, లోపలి వాయువు వేడిగా ఉన్నకొద్దీ పొగను లాగే శక్తి పెరుగుతుంది. గొట్టం ఇంటిలోపలి గోడవెంట నిటారుగా సాగితే వెచ్చగా ఉండి బాగా లాగుతుంది. వంపులు ఎక్కువైతే లాగదు. కప్పుపైన గొట్టం ఎంత ఎత్తుండాలన్న దానికి పాశ్చాత్యదేశాల్లో పాటించే కొలత సులభంగా గుర్తుండేది: కప్పును చీల్చుకొని వచ్చినచోటి నుంచి కనీసం 3 అడుగులు, 10 అడుగుల దూరంలోపు ఉన్న కప్పు భాగం దేనికన్నా 2 అడుగులు ఎక్కువ. దీనికన్నా పొట్టిదైతే గాలి సుడితిరిగి పొగను తిరిగి ఇంట్లోకి నెడుతుంది. మిద్దెపై పిట్టగోడ, నీళ్ల ట్యాంకు ఉన్నచోట ఈ కొలతను మరింత శ్రద్ధగా చూడాలి. గొట్టం కొయ్య వాసాలను తాకకూడదు.

పచ్చికట్టెలు కాలిస్తే తేమ ఆవిరై మంట చల్లబడి, తారువంటి పదార్థం గొట్టం లోపల పేరుకొంటుంది. అది అంటుకొంటే గొట్టమే కొలిమి అవుతుంది. గొట్టం అడుగున మసి తీయడానికి మూత ఉన్న రంధ్రాన్ని కట్టుబడినాడే విడవాలి.

6.4 గాలి ఎటునుంచి రావాలి?

పోయే పొగకు సమానంగా గాలి లోపలికి రావాలి. జాతీయ భవననిర్మాణ నియమావళి వంటగదికి కనీసం ఒక చదరపు మీటరు కిటికీ, 5 చదరపు మీటర్ల వైశాల్యం కోరుతుంది. కట్టెపొయ్యి ఉన్న గదికి ఇది కనిష్ఠం మాత్రమే. పొయ్యి కిటికీకి సూటిగా ఎదురుగా ఉంటే గాలివిసురుకు మంట చెదిరి రవ్వలు లేస్తాయి. పక్కగా ఉండడం మేలు. నేటి ఇళ్లలో మరొక చిక్కు ఎగ్జాస్ట్ ఫ్యాను. తలుపులు, కిటికీలు మూసి ఫ్యాను వేస్తే అది గదిలోని గాలిని లాగివేయగా, ఆ లోటును పూరించడానికి పొగగొట్టం నుంచే పొగ వెనుకకు దిగుతుంది. ఆ పొగతో వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు.

6.5 గ్యాసు సిలిండరు ఎక్కడ?

గతంలో లేని, నేటి గృహంలో అత్యంత ప్రమాదకరమైన అంశమిది. వంటగ్యాసు గాలికంటే బరువైనది. కారినప్పుడు అది పైకి పోక నేలవెంట పాకి పల్లంలో నిలుస్తుంది. కట్టెపొయ్యి ఉండేది సరిగ్గా ఆ నేలమట్టంలోనే. నివురుగప్పిన నిప్పు ఉన్న పొయ్యి, కారుతున్న సిలిండరు ఒకే గదిలో ఉంటే వాసన పసిగట్టేలోపే ప్రమాదం జరగవచ్చు. కనుక ఈ రెండూ ఒకే గదిలో ఉండకూడదన్నది రాజీపడరాని నియమం. వంటగది ఆగ్నేయంలోనే ఉండాలన్న పట్టుదలతో రెండింటినీ ఒకే మూలకు చేర్చడం సంప్రదాయాన్ని పాటించడం కాదు. బృహత్సంహిత కాలానికి వంటింట్లో ఉన్నది ఒకే నిప్పు.

6.6 మనిషికి దారి ఏది?

పొయ్యి ఇంటి గుమ్మానికీ మనిషికీ నడుమ ఉండకూడదు. మెట్ల కింద పెట్టిన పొయ్యి రాజుకొంటే మేడమీదివారికి దిగే దారి మూసుకుపోతుంది. పిల్లలు తిరిగే నడవకు, పశువుల పాకకు, గడ్డివాముకు పొయ్యి దూరంగా ఉండాలి. కట్టెల నిల్వ ఒక పూటకు సరిపడా తప్ప పొయ్యి దగ్గర ఉండకూడదు. బూడిదకు మూత ఉన్న ఇనుప తట్ట, దానికి ఇంటి వెలుపల ఒక చోటు కేటాయించాలి. నీటి కుళాయి పొయ్యికి నాలుగడుగుల దూరంలో ఉండడం కౌటిల్యుని నీటికుండకు నేటి రూపం.

వంటచేసే వ్యక్తి నిలిచే తీరు కూడా స్థాననిర్ణయంలో భాగమే. నేలమీది పొయ్యి ముందు వంగి ఊదుగొట్టం ఊదే మనిషి ముఖం పొగకు సూటిగా ఉంటుంది. చీర కొంగు మంటకు అందుబాటులో ఉంటుంది. పొయ్యిని నడుమెత్తు అరుగుమీదికి చేర్చి, పొగగొట్టం కలిపితే ఈ రెండు బాధలూ తగ్గుతాయి. నక్షా గీసేటప్పుడు ఆ పొయ్యి దగ్గర రోజూ నిలిచే వ్యక్తిని అడగడం అన్ని కొలతలకంటే ముందు జరగవలసిన పని.

7. ప్రవాస తెలుగింట:

శీతలదేశాల్లో స్థిరపడిన తెలుగువారికి కట్టెల నిప్పు వంటింటి నుంచి ముందుగదికి మారింది. అక్కడ అది వంటకు కాక వెచ్చదనానికి, అందానికి. సూత్రాలు మాత్రం అవే. అక్కడి నివాసనిర్మాణ నియమావళి చిన్న నిప్పుగూటి ముందు 16 అంగుళాలు, ఇరువైపులా 8 అంగుళాల మేర మండని నేల ఉండాలంటుంది. ఇటుక పొగగొట్టానికి, ఇంటి కొయ్య చట్రానికి మధ్య ఖాళీ విడవాలంటుంది. అక్కడి ఇళ్ల గోడలు ఎక్కువగా కొయ్యవి కావడం వల్ల ఈ కొలతలకు మరింత విలువ ఉంది.

తెలుగువారు అధికసంఖ్యలో నివసిస్తున్న శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో 2016 నవంబరు 1 నుంచి కొత్తగా కట్టే ఇళ్లలో కట్టెలు కాల్చే ఏర్పాటునే నిషేధించారు. పొయ్యి ఎక్కడ ఉండాలన్న ప్రశ్న అక్కడ అసలు ఉండాలా అన్న ప్రశ్నగా మారింది. ఒక ఇంటి పొగ పొరుగింటి సమస్య కూడా అని అంగీకరించడమే ఈ మార్పుకు మూలం. పొయ్యిని పొరుగు హద్దుకు ఎడంగా పెట్టమన్న అర్థశాస్త్ర నియమంలోనూ ఈ దృష్టికి బీజం ఉంది.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• తెలుగు సంప్రదాయంలో మంట పరిమాణాన్ని బట్టి పొయ్యి ఇంటిలోపలి నుంచి వెలుపలికి జరిగింది. పొయ్యి పేర్లలోనే ఈ వివేకం నిలిచి ఉంది.

• ఆగ్నేయ నియమం తెలుగునాటి ఋతుపవనాలకు అనుకూలమైనదే కాని, తీరప్రాంతపు వేసవి సముద్రపుగాలికి అది వర్తించదు. దిక్కుతో పాటు దూరం, ఎత్తు, గాలి, దారి అనే నాలుగూ కలిసినప్పుడే భద్రత.

• సంప్రదాయం నిప్పును గూర్చి జాగ్రత్తపడినంతగా పొగను గూర్చి జాగ్రత్తపడలేదు. ఆ భారాన్ని వంటచేసిన స్త్రీలు మోశారు. నూతన గృహప్రణాళిక సరిదిద్దవలసిన ప్రధానలోపమిది.

• మెరుగైన పొయ్యి విఫలం కావడానికి ఒక కారణం దానికి ఇంట్లో ముందుగా చోటు లేకపోవడం. పొగగొట్టం దారిని పునాది నాడే నిర్ణయించాలి.

• కట్టెపొయ్యి, గ్యాసు సిలిండరు ఒకే గదిలో ఉండరాదు.

పొయ్యి వెలిగితేనే ఇల్లని నమ్మిన సమాజం ఆ పొయ్యికి ఇంటి నక్షాలో ఒక గీతైనా కేటాయించడం అవసరం. ప్రాంతాలవారీగా పొయ్యి పదజాలాన్ని, వంటింటి అమరికలను సేకరించి, వాటిని గాలి దిశలతోను, పొగ కొలతలతోను పోల్చి చూసే పరిశోధనలకు ఈ రంగంలో ఎంతో అవకాశం ఉంది. భాషాశాస్త్రం, జానపద విజ్ఞానం, వాస్తునిర్మాణం, ప్రజారోగ్యం అనే నాలుగు శాఖలవారు కలిసి చేయవలసిన కృషి ఇది.